ట్రిప్లెట్: ఏ మూడింటిని లెక్కపెడుతున్నాం?

పదో తరగతిలో చదువుకొన్న డాబరీనర్ త్రికాలు మీకు గుర్తుండే ఉంటాయి. లిథియం, సోడియం, పొటాషియం ఒక త్రికం. మధ్య మూలకం పరమాణు భారం అటూ ఇటూ ఉన్న రెండింటి సగటుకు దగ్గరగా వస్తుందని డాబరీనర్ చెప్పాడు. డిగ్రీలోకి వచ్చాక ఇదే మాట భౌతికశాస్త్రంలో త్రిక స్థితిగా, జీవశాస్త్రంలో త్రిక సంకేతంగా మళ్ళీ ఎదురవుతుంది. ఇంగ్లీషులో మొదటిదాన్ని ట్రయాడ్ అంటారు, మిగతా రెండింటినీ ట్రిప్లెట్ అంటారు. తెలుగులో మూడింటికీ త్రికం ఒక్కటే కావడంతో మన విద్యార్థులకు చిక్కు కొంచెం ఎక్కువ. అందువల్ల ఈ పాఠంలో డాబరీనర్‌ను పక్కన పెట్టి, మిగిలిన అర్థాలకు ట్రిప్లెట్ అనే మాటనే వాడుకొందాం.

జవాబు పత్రాలు దిద్దేటప్పుడు తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "ట్రిప్లెట్ స్థితి అనగా మూడు ఎలక్ట్రాన్లు గల స్థితి." ఇది తప్పు. అయినా ఈ తప్పు ఎలా పుడుతుందో తేలికగానే అర్థమవుతుంది. మాటలో మూడు ఉంది కాబట్టి వస్తువులూ మూడు ఉంటాయని అనుకొంటాం. నిజానికి ట్రిప్లెట్ అన్నప్పుడల్లా ఎవరో దేన్నో లెక్కపెట్టి మూడు అన్నారు. వాళ్ళు దేన్ని లెక్కపెట్టారో శాస్త్రాన్ని బట్టి మారుతుంది. ఆ సంగతి మన గుంటూరులోనే మొదలుపెట్టి చూద్దాం.

1. గుంటూరులో ఒక గ్రహణం, ఒక పసుపు రేఖ

1868 ఆగస్టు 18 ఉదయం గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. అప్పటికి గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం. ప్రకాశం జిల్లా ఏర్పడటానికి ఇంకా నూరేళ్ళు పైబడి పడుతుంది. చంద్రుడి నీడ బందరు, గుంటూరు ప్రాంతాల మీదుగా పోతుందని ముందే లెక్క తేలడంతో ఖగోళ శాస్త్రజ్ఞులు ఇటు తరలివచ్చారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో తన పరికరాలు అమర్చుకొన్నాడు. మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే మకాం వేసింది. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్ళాడు.

సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయినప్పుడు అంచున ఎర్రటి సౌరజ్వాలలు కనిపిస్తాయి. ఆ జ్వాలల వెలుతురును వర్ణపటదర్శినిలోకి పంపితే అక్కడక్కడ మెరిసే రేఖలు వచ్చాయి. అంటే అవి వేడెక్కిన వాయువులు. ఆ రేఖలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని జాన్సెన్‌కు తోచింది. మర్నాడు ఆగస్టు 19న గుంటూరు ఎండలోనే చూశాడు కూడా. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అక్టోబరు 20న స్వతంత్రంగా అదే పని చేశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్‌లోని సైన్సు అకాడమీకి ఒకే రోజు చేరాయి.

ఆ గ్రహణంలో కొందరు పరిశీలకులు పసుపు రంగు రేఖ ఒకటి చూశారు. సోడియం రేఖలు ఉండే చోట, లేదా దాని పక్కన ఉందని రాసుకొన్నారు. సోడియం పసుపు రేఖలు రెండు. వాటికి డి1, డి2 అని పేర్లు. కొత్త రేఖ ఈ రెండింటితోనూ సరిపడటం లేదని లాకియర్ తేల్చాడు. దానికి డి3 అని పేరు వచ్చింది. సోడియం రేఖలు 589.6, 589.0 నానోమీటర్ల దగ్గర ఉంటే డి3 587.6 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. భూమి మీద తెలిసిన ఏ మూలకమూ ఆ రేఖ ఇవ్వకపోవడంతో సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి కారణమైన మూలకాన్ని హీలియం అన్నారు. జాన్సెన్ గుంటూరులో హీలియం కనిపెట్టాడని చాలా చోట్ల రాస్తుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఆయన గుంటూరులో కనిపెట్టింది జ్వాలలను ఏ రోజైనా చూసే పద్ధతి. కొత్త మూలకం అన్న ఆలోచన లాకియర్‌ది. పోటీ పరీక్షలో ఏ జవాబు అడుగుతారో అది వేరే సంగతి.

ఇక్కడ మొదటి హెచ్చరిక. డి3లోని మూడుకు ట్రిప్లెట్‌తో ఏ సంబంధమూ లేదు. డి1, డి2 తర్వాత వచ్చింది కనుక డి3, అంతే. తమాషా ఏమిటంటే, ఆ రేఖ నిజంగానే ట్రిప్లెట్‌కు చెందినది! ఆ సంగతి తేలడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

1895లో లండన్‌లో విలియం రామ్సే క్లీవైట్ అనే ఖనిజం నుంచి హీలియం వాయువును బయటికి తీశాడు. దాని వర్ణపటాన్ని జర్మనీలో రూంగె, పాషెన్ జాగ్రత్తగా కొలిచారు. వాళ్ళకు రెండు విచిత్రాలు కనిపించాయి. ఒకటి, డి3 ఒంటరి రేఖ కాదు. ప్రకాశవంతమైన రేఖ పక్కనే సన్నని తోడు రేఖ ఉంది. సూర్యుడిలోని డి3 కూడా జంటేనా అన్న అనుమానం వచ్చి మళ్ళీ చూస్తే, అదీ జంటగానే తేలింది. రెండు, హీలియం రేఖలన్నీ ఒకదానితో ఒకటి పొత్తులేని రెండు గుంపులుగా విడిపోయాయి. ఒక గుంపులో రేఖలు ఒంటరివి, రెండో గుంపులో జంటగా కనిపించేవి. ఇవి రెండు వేర్వేరు వాయువులేమోనని వాళ్ళు అనుకొన్నారు. వాయువు ఒకటేనని తర్వాత తేలింది గాని, రెండు గుంపులు ఎందుకున్నాయో 1926లో హైసెన్‌బర్గ్ చెప్పేదాకా తెలియలేదు.

2. రెండు ఎలక్ట్రాన్ల నుంచి మూడు ఎలా వస్తుంది?

హీలియంలో ఎలక్ట్రాన్లు రెండే. ప్రతి ఎలక్ట్రాన్‌కూ స్పిన్ ఉంటుంది, దాని విలువ సగం. ఒక దిశ నిర్ణయించుకొని కొలిస్తే స్పిన్ పైకో కిందికో అని రెండే జవాబులు వస్తాయి. రూపాయి బిళ్ళకు బొమ్మ, బొరుసు ఉన్నట్లు అనుకోండి. రెండు బిళ్ళలు ఎగరేస్తే నాలుగు ఫలితాలు: బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు.

బిళ్ళలకూ ఎలక్ట్రాన్లకూ పోలిక ఇంతవరకే. రెండు బిళ్ళల మీద సిరాతో గుర్తు పెట్టి ఏది ఏదో చెప్పవచ్చు. ఎలక్ట్రాన్ల మీద గుర్తు పెట్టలేం. కాబట్టి "మొదటిది పైకి, రెండోది కిందికి" అనే స్థితికి తనంత తానుగా నిలబడే హక్కు లేదు. దాన్ని, దాని తిరగేసిన రూపాన్ని కలిపి ఒక స్థితిగా తీసుకోవాలి. కలపడం రెండు విధాలు: కూడవచ్చు, తీసివేయవచ్చు. కూడితే వచ్చే స్థితిలో ఎలక్ట్రాన్లను అటూ ఇటూ మార్చినా ఏమీ మారదు. తీసివేస్తే వచ్చే స్థితిలో అలా మార్చగానే గుర్తు మారుతుంది.

ఇప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. రెండూ పైకి, రెండూ కిందికి, మధ్యలో కూడిన మిశ్రమం. ఈ మూడూ ఒక కుటుంబం. వీటన్నిటికీ మొత్తం స్పిన్ ఒకటే: 1. మనం ఎంచుకొన్న దిశలో దాని భాగం మాత్రమే +1, 0, −1 అని మారుతుంది. తీసివేసిన మిశ్రమం ఒంటరిగా మిగిలింది. దాని మొత్తం స్పిన్ సున్న. ముగ్గురున్న కుటుంబం ట్రిప్లెట్, ఒంటరిది సింగ్లెట్. సాధారణ సూత్రం ఏమిటంటే మొత్తం స్పిన్‌ను రెట్టింపు చేసి ఒకటి కలపాలి. స్పిన్ సున్న అయితే 1, సగమైతే 2, ఒకటైతే 3. కనుక ఒక్క జతలేని ఎలక్ట్రాన్ ఉన్న పరమాణువు స్థితి డబ్లెట్, రెండు సమాంతర ఎలక్ట్రాన్లుంటే ట్రిప్లెట్. మూడు జతలేని ఎలక్ట్రాన్లు ఒకే వైపు తిరిగితే స్పిన్ ఒకటిన్నర, స్థితి పేరు క్వార్టెట్. అంటే మూడు ఎలక్ట్రాన్లకు వచ్చేది నాలుగు!

ట్రిప్లెట్ అంటే రెండు స్పిన్‌లూ పైకి ఉండటం అని మరి కొందరు రాస్తారు. పై కుటుంబంలో నడిమి సభ్యుడిని చూడండి. అక్కడ ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. అయినా అది ట్రిప్లెట్ సభ్యుడే. బాణం గుర్తులు రెండు ఎదురెదురుగా గీస్తే సింగ్లెట్ అనీ, ఒకే వైపు గీస్తే ట్రిప్లెట్ అనీ పుస్తకాల్లో వేసే బొమ్మ సౌకర్యం కోసమే. దాన్ని అక్షరాలా నమ్మితే ఇక్కడ దెబ్బతింటారు.

మామూలు స్థితిలో ఈ ముగ్గురి శక్తీ దాదాపు సమానం. అయస్కాంత క్షేత్రం పెడితే విడిపోతారు. ట్రిప్లెట్‌కూ సింగ్లెట్‌కూ మధ్య తేడా మాత్రం చాలా పెద్దది. హీలియంలో ఒక ఎలక్ట్రాన్ మొదటి కక్ష్యలో, మరొకటి రెండో కక్ష్యలో ఉన్న అత్యల్ప స్థితిని తీసుకొంటే, ట్రిప్లెట్ 19.8 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తున ఉంటే సింగ్లెట్ 20.6 దగ్గర ఉంటుంది. ఈ తేడా స్పిన్‌ల మధ్య అయస్కాంత ఆకర్షణ వల్ల వచ్చిందని అనుకోకండి. ఆ బలం ఇంత తేడా తేలేనంత చిన్నది. ట్రిప్లెట్‌లో ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి దూరంగా మసలేలా క్వాంటం నియమం కట్టడి చేస్తుంది. దూరంగా ఉంటే విద్యుత్ వికర్షణ తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. హైసెన్‌బర్గ్ చెప్పింది ఇదే.

హీలియం భూస్థితిలో రెండు ఎలక్ట్రాన్లూ ఒకే కక్ష్యలో ఉంటాయి. అక్కడ పౌలీ నియమం ప్రకారం సింగ్లెట్ తప్ప మరొకటి కుదరదు. కాంతి వెలువడేటప్పుడు స్పిన్ మామూలుగా మారదు కాబట్టి ట్రిప్లెట్ గుంపు నుంచి సింగ్లెట్ గుంపులోకి దిగడం దాదాపు నిషిద్ధం. అట్టడుగు ట్రిప్లెట్‌లో చిక్కుకొన్న హీలియం పరమాణువును ఎవరూ ఢీకొట్టకపోతే అది సగటున రెండు గంటలకు పైగా అలాగే ఉంటుంది. పరమాణువుల లోకంలో అది యుగాలతో సమానం. రూంగె, పాషెన్ చూసిన పొత్తులేని రెండు గుంపుల రహస్యం ఇదే.

మరి డి3? అది ట్రిప్లెట్ గుంపులోని రేఖ. ఆ రేఖ దిగే స్థితిలో స్పిన్ 1, కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం 1. ఈ రెండూ కలిసే విధాలు మూడు: మొత్తం 0, 1, లేదా 2. కనుక ఆ స్థితి మూడు సన్నని మెట్లుగా చీలుతుంది. అందులో రెండు మెట్ల మధ్య ఎడం, మూడో మెట్టు ఉన్న ఎడంలో సుమారు పదమూడో వంతు. పాత పరికరాలకు ఆ రెండూ ఒకటిగా కనిపించాయి. మూడు ఉండవలసిన చోట రెండే కనిపించడంతో జంట అన్నారు.

ఇంతకన్నా గమ్మత్తైనది అట్టడుగు ట్రిప్లెట్. అక్కడ కక్ష్యా ద్రవ్యవేగం సున్న కనుక చీలిక అసలు లేదు, మెట్టు ఒక్కటే. అయినా దాన్ని ట్రిప్లెట్ అనే పిలుస్తాం. పేరు స్పిన్ లెక్కను బట్టి వస్తుంది, కంటికి కనిపించే రేఖల సంఖ్యను బట్టి రాదు. ఈ పాఠంలో మీరు ఒక్క వాక్యం కింద గీత గీసుకోవాలనుకొంటే దీని కింద గీయండి.

3. మిరప ఆకులో ట్రిప్లెట్

ఇది ప్రయోగశాల గొడవ మాత్రమే అనుకోకండి. మీరు ఇప్పుడు పీలుస్తున్న ఆక్సిజన్ ట్రిప్లెట్. దాని అణువులో చివరి రెండు ఎలక్ట్రాన్లు సమాన శక్తి గల రెండు ఆర్బిటాళ్ళలో విడివిడిగా, సమాంతరంగా ఉంటాయి. ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే అక్కడే వేలాడటం అందుకే.

పత్తి సెల్యులోజు, కట్టె, మన ఒళ్ళు, ఇవన్నీ జతకూడిన ఎలక్ట్రాన్లున్న సింగ్లెట్ పదార్థాలు. ట్రిప్లెట్ ఆక్సిజన్ వీటితో నేరుగా కలిసి సింగ్లెట్ పదార్థాలు ఇవ్వడానికి స్పిన్ లెక్క కుదరదు. కాబట్టి చర్య చాలా నెమ్మది. గణపవరం మిల్లుల్లో పత్తి బేళ్ళు నెలల తరబడి గాలిలోనే ఉన్నా వాటంతట అవి మండకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. నిప్పురవ్వ పడితే జతలేని ఎలక్ట్రాన్లున్న ముక్కలు పుడతాయి, అప్పుడు ఈ అడ్డు తొలగిపోతుంది.

ఇప్పుడు మిరప ఆకులోకి వెళదాం. పత్రహరితం వెలుతురును పీల్చినప్పుడు మొదట సింగ్లెట్ ఉత్తేజిత స్థితికి చేరుతుంది. ఆ శక్తి వెంటనే కిరణజన్య సంయోగక్రియకు ఖర్చయితే చిక్కు లేదు. ఖర్చు కాక ఆగిపోతే కొన్ని అణువుల్లో స్పిన్ తిరగబడి ట్రిప్లెట్ పత్రహరితం ఏర్పడుతుంది. అది తొందరగా కిందికి దిగలేదు. దాని దగ్గరికి ఆక్సిజన్ వస్తుంది. రెండూ ట్రిప్లెట్లే. రెండు ట్రిప్లెట్లు కలిసి రెండు సింగ్లెట్లు కావడానికి స్పిన్ లెక్క ఒప్పుకొంటుంది. పత్రహరితం తన మామూలు స్థితికి దిగిపోతుంది, ఆక్సిజన్ మాత్రం మోలుకు 94 కిలోజౌళ్ళు ఎక్కువ ఉన్న సింగ్లెట్ ఆక్సిజన్ అవుతుంది. దీనికి పాత అడ్డు లేదు. ఆకు పొరల్లోని కొవ్వులనూ ప్రోటీన్లనూ ఎడాపెడా కొరికేస్తుంది.

మొక్క దీనికి ఏర్పాటు చేసుకొంది. పత్రహరితాన్ని ఆనుకొని కెరోటినాయిడ్లు ఉంటాయి. వీటి పొడవైన సంయుగ్మ ద్విబంధాల గొలుసు వల్ల వీటి ట్రిప్లెట్ శక్తి ఆ 94 కిలోజౌళ్ళ కన్నా తక్కువ. కనుక ట్రిప్లెట్ పత్రహరితం దగ్గర నుంచి, సింగ్లెట్ ఆక్సిజన్ దగ్గర నుంచి కూడా ఇవి శక్తిని లాక్కొని వేడిగా వదిలేస్తాయి, ఆక్సిజన్‌కు తిరిగి ఇవ్వలేవు. మిరపకాయకు ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్ ఈ కెరోటినాయిడ్ల కుటుంబంలోదే.

కలుపు మందుల్లో ఒక తరగతి ఈ ఏర్పాటునే ముంచేస్తుంది. మొక్కజొన్నలో వాడే అట్రజిన్, పత్తిలో వాడే డైయురాన్ కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్ల దారిని మూసేస్తాయి. వెలుతురు వస్తూనే ఉంటుంది, శక్తికి పోయే దారి ఉండదు. ట్రిప్లెట్లు పేరుకొంటాయి, కెరోటినాయిడ్లు తట్టుకోలేవు. కలుపు మొక్క తిండి లేక మాడి చచ్చిందని చాలామంది అనుకొంటారు. అసలు దాన్ని చంపేది వాడుకోలేని వెలుతురు. అందుకే చీకట్లో ఉంచిన మొక్కలో ఈ లక్షణాలు త్వరగా కనిపించవు. పక్క చేలో కొట్టిన అట్రజిన్ మిరప మీదికి వస్తే ఆకులు పాలిపోయి అంచుల నుంచి ఎండటం వెనక ఉన్నదీ ఈ వరసే. మొక్కజొన్న మాత్రం అట్రజిన్‌ను తనలోనే విరగ్గొట్టుకోగలదు కనుక బతుకుతుంది.

ఒక జాగ్రత్త. కల్లంలో ఎండబోసిన కాయ రంగు తగ్గడాన్ని కూడా ట్రిప్లెట్ ఖాతాలో వేయకండి. పండిన కాయలో పత్రహరితం దాదాపు ఉండదు. అక్కడ రంగు పోవడంలో పెద్ద పాత్ర మామూలు ఆక్సీకరణానిది, దాన్ని వేడి, వెలుతురు, తేమ వేగిరం చేస్తాయి. గుంటూరు చుట్టూ ఉన్న శీతల గిడ్డంగుల్లో టిక్కీలు దాచేది ఆ వేగాన్ని తగ్గించడానికే.

4. మరో రెండు బిళ్ళలు, మరో మూడు

రసాయనశాస్త్రంలో అయస్కాంత అనునాద వర్ణపటం చదివేటప్పుడు ట్రిప్లెట్ అంటే మూడు శిఖరాలు. ఇథైల్ ఆల్కహాల్‌లో చివరి కార్బన్ మీది హైడ్రోజన్ల సంకేతం ట్రిప్లెట్‌గా చీలుతుంది. అక్కడ మూడు హైడ్రోజన్లున్నాయి కాబట్టి మూడు శిఖరాలు అని రాస్తే మార్కులు పోతాయి. పక్క కార్బన్ మీద రెండు హైడ్రోజన్లు ఉండటం వల్ల అవి మూడు. ఆ రెండింటి స్పిన్‌లు మళ్ళీ మన రెండు బిళ్ళలే. రెండూ బొమ్మ అయితే ఒక వైపు జరుగుతుంది, రెండూ బొరుసు అయితే మరో వైపు, ఒకటి అదీ ఒకటి ఇదీ అయితే జరగదు. జరగని అవకాశాలు రెండు కనుక నడిమి శిఖరం రెట్టింపు ఎత్తు: 1:2:1. హీలియంలో నాలుగు ఫలితాలు మూడు, ఒకటిగా విడిపోయాయి. ఇక్కడ అవే నాలుగు ఒకటి, రెండు, ఒకటిగా పోగయ్యాయి. బిళ్ళలు అవే, లెక్క వేరు.

కణ భౌతికశాస్త్రంలో ధన, శూన్య, రుణ ఆవేశాలున్న మూడు పయాన్లను ఐసోస్పిన్ ట్రిప్లెట్ అంటారు. ఇక్కడ మాత్రం మూడు కణాలు నిజంగానే ఉన్నాయి. కాని వాటిని ఒకే కణం మూడు ముఖాలుగా చూడటమే ఆ పేరు ఉద్దేశం. ఆవేశం ఉన్న వాటి ద్రవ్యరాశి 139.6, లేనిదానిది 135.0 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అంత దగ్గరగా ఉండటమే అవి ఒక కుటుంబమని పట్టిచ్చింది.

5. మూడక్షరాల గణాలు, పత్తి పురుగు

జీవశాస్త్రంలో ట్రిప్లెట్ అర్థం పూర్తిగా వేరు. ఇక్కడ స్పిన్ లేదు, చీలిక లేదు. చదివే పద్ధతి ఉంది.

తెలుగు ఛందస్సు చదివినవారికి ఇది సులభం. గురువు, లఘువు అని రెండే గుర్తులు. మూడేసి కలిపితే రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు, ఎనిమిది గణాలు. డీఎన్‌ఏలో ఎ, టి, జి, సి అని నాలుగు అక్షరాలు. ప్రోటీన్లు కట్టడానికి ఇరవై అమైనో ఆమ్లాలు కావాలి. రెండేసి అక్షరాలు తీసుకొంటే పదహారు మాటలే వస్తాయి, చాలవు. మూడేసి తీసుకొంటే అరవైనాలుగు. ప్రకృతి మూడేసి తీసుకొంది. ఈ ట్రిప్లెట్‌నే కోడాన్ అంటాం. అరవైనాలుగులో 61 అమైనో ఆమ్లాలకు, 3 "ఇక ఆపు" అనడానికి. ఏ ట్రిప్లెట్‌కు ఏ అర్థమో విప్పడంలో పాలుపంచుకొన్న హరగోబింద్ ఖొరానా, నీరెన్‌బర్గ్, హోలీలకు 1968లో నోబెల్ బహుమతి వచ్చింది.

యమాతారాజభానసలగం అనే సూత్రం గుర్తుందా? అందులో ఒక్కో అక్షరం జరుగుతూ మూడేసి తీసుకొంటే ఎనిమిది గణాలూ వస్తాయి: యమాతా, మాతారా, తారాజ, ఇలా. అక్కడ ఒక అక్షరం మూడు గణాల్లో పాలు పంచుకొంటుంది. జన్యువు అలా చదవబడదు. పద్యపాదాన్ని గణాలుగా విడగొట్టినట్లు, ఒక మూడు అయ్యాకే తర్వాతి మూడు. కాబట్టి మధ్యలో ఒక్క అక్షరం ఊడితే అక్కడి నుంచి గణ విభజన మొత్తం తప్పుతుంది. మూడు అక్షరాలు ఊడితే ఒక గణం పోతుంది, మిగతా పాదం నిలబడుతుంది.

మన దేశంలో బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. ఒక బాక్టీరియాలోని క్రై1ఎసి జన్యువును పత్తిలో పెట్టి, కాయ తొలిచే పురుగులకు విషమయ్యే ప్రోటీన్‌ను మొక్కే చేసుకొనేలా చేశారు. బాక్టీరియా జన్యువును ఉన్నదున్నట్లు మొక్కలో పెడితే ప్రోటీన్ చాలా కొద్దిగా తయారైంది. ఒకే అమైనో ఆమ్లానికి ఒకటి కన్నా ఎక్కువ ట్రిప్లెట్లు ఉండవచ్చు. బాక్టీరియా ఇష్టపడేవి వేరు, మొక్క తేలికగా చదివేవి వేరు. 1990ల ప్రారంభంలో శాస్త్రజ్ఞులు ఈ తరహా జన్యువుల్లో అక్షరాలను అయిదో వంతు దాకా మార్చి రాశారు. ట్రిప్లెట్లు మారాయి, ప్రోటీన్ మారలేదు. దిగుబడి మాత్రం వంద రెట్ల దాకా పెరిగింది. ఒకే అర్థమున్న మరో మాట వేసి వాక్యం తిరగరాసినట్లు.

తర్వాత పురుగు తన జన్యువును మార్చుకొంది. గులాబి రంగు కాయ తొలుచు పురుగు క్రై1ఎసికి తట్టుకొంటోందని మన దేశంలో మొదట గుజరాత్ పొలాల్లో 2008లో సేకరించిన పురుగుల్లో తేలింది. రెండో జన్యువు కలిపిన రకాలూ తర్వాత దానికి లొంగకుండా పోయాయి. గుడ్డిపత్తి అన్న మాట గుంటూరు, ప్రకాశం రైతుకు ఎంత నష్టమో ఇక్కడ వివరించనక్కరలేదు. విషం పురుగు పేగులో కాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకొని పనిచేస్తుంది. అమెరికాలోని అరిజోనా పురుగుల్లో ఈ జన్యువులో మూడు రకాల లోపాలు దొరికాయి: ఒకదానిలో 24 అక్షరాలు, ఒకదానిలో 202, ఒకదానిలో 126 అక్షరాలు ఊడిపోయాయి. మన దేశపు పురుగుల్లో లోపాలు వేరు, జన్యువు అదే.

ఆ మూడు సంఖ్యలను మూడుతో భాగించి చూడండి. 24లో ఎనిమిది ట్రిప్లెట్లు, 126లో నలభైరెండు. శేషం లేదు. అంటే ప్రోటీన్‌లో ఒక ముక్క పోయింది, మిగతాది సక్రమంగానే చదవబడుతుంది. 202కు శేషం 1. గణ విభజన తప్పింది, దారిలో "ఆపు" ట్రిప్లెట్ ముందే తగిలింది, ప్రోటీన్ అర్ధంతరంగా ఆగింది. మూడింటిలోనూ పురుగు బతికింది. పేరులోని మూడు ఇంత నేరుగా ఉపయోగపడే చోటు భౌతికశాస్త్రంలో కూడా తక్కువే.

6. మిగిలిన వాడుకలు

సంగీతంలో రెండు స్వరాల కాలంలో మూడు పలికితే ట్రిప్లెట్ అంటారు. మన తిస్ర గతి వినేవారికి దీని నడక తెలుసు. ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురు పిల్లలకూ ఇదే మాట. కటకాల్లో ట్రిప్లెట్ అంటే మూడు గాజు ముక్కల కూర్పు. 1893లో టేలర్ రూపొందించిన కెమెరా కటకం ప్రసిద్ధం. పదింతలు పెద్దదిగా చూపే మంచి చేతి భూతద్దాల్లో మూడు ముక్కలు అతికించి ఉంటాయి, అంచుల్లో రంగులు రాకుండా. 2021లో మన మిరప చేలను ముంచిన నల్ల తామర పురుగు మిల్లీమీటరు పొడవే. పువ్వులో దాన్ని గుర్తుపట్టడానికి అలాంటి భూతద్దం చాలు. ఈ అర్థాల్లో తికమకకు తావు లేదు, మూడు ఉన్నాయి, మూడు అన్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

హీలియం భూస్థితిలో ట్రిప్లెట్ ఎందుకు ఉండదు? అయిదు వాక్యాల్లో రాయండి.

ఇథైల్ ఆల్కహాల్‌లో రెండు హైడ్రోజన్లున్న కార్బన్ సంకేతం, పక్కనున్న మూడు హైడ్రోజన్ల వల్ల ఎన్ని శిఖరాలుగా చీలుతుంది, ఏ నిష్పత్తిలో? ఈసారి మూడు బిళ్ళలు ఎగరేసి లెక్కపెట్టండి. ఆల్కహాల్ హైడ్రోజన్ ప్రభావం వదిలేయండి.

చైనాలో శనగపచ్చ పురుగులో ఒక జన్యువు 92వ అక్షరం టి బదులు సి కావడంతో ఆ పురుగు క్రై1ఎసిని తట్టుకోగలిగిందని 2018లో వెల్లడైంది. ఆ అక్షరం ఎన్నో ట్రిప్లెట్‌లోది, అందులో ఎన్నో స్థానంలోది? 92ను 3తో భాగించండి. మీ జవాబు సరైనదైతే, ఆ ప్రోటీన్‌లో 31వ అమైనో ఆమ్లం ల్యూసిన్ బదులు సెరీన్ అయిందన్న సంగతితో అది సరిపోతుంది.